హంసలదీవి దారిలో కోషర్ వంట

2022 డిసెంబరు. అప్పటికి నేను బందరులో టూరిస్టు గైడుగా పనిచేయబట్టి పదకొండేళ్ళు. అంతకుముందు గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని. పుట్టింది పామిడిముక్కల దగ్గర ఒక చిన్న ఊళ్ళో. పెళ్ళయ్యాక బందరు వచ్చి, తెలిసినవాళ్ళను కోట దగ్గరకూ డచ్చివాళ్ళ సమాధుల దగ్గరకూ తీసుకెళ్ళి ఆ కథలు చెబుతుంటే, వినడానికి తెలియనివాళ్ళు కూడా రావడం మొదలైంది. అలా ఇది వృత్తి అయింది.

ఆ ఏడు వర్షాలు వెనకబడుతున్న రోజుల్లో పెరూ దేశం నుంచి ఒక టూర్ కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. ఇన్కాల కాలంనాటి కొండ కట్టడాలనూ, స్పెయిన్ వాళ్ళు కట్టిన పాత పట్టణాలనూ యూదు యాత్రికులకు చూపించడం వాళ్ళ పని. ఆ యాత్రల ప్రత్యేకత భోజనం. అంతా కోషర్, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం వండింది. ఇప్పుడు ఇండియా కూడా మొదలుపెడుతున్నారట. కొచ్చి చూశాక, మా తీరంలోని పాత రేవు పట్టణం, ఘంటసాల బౌద్ధ అవశేషాలు, పెడన కలంకారీ చూస్తామన్నారు. విజయవాడలో ఇద్దరు గైడ్లు "ఈ తిండి తంటా మావల్ల కాదు" అన్నాకే నా నంబరు వాళ్ళకు చేరిందని తరవాత తెలిసింది.

యాత్రికుల కంటే మూడు రోజులు ముందు డేవిడ్ గారు వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి, సన్నగా, నెరిసిన గడ్డంతో ఉంటారు. ఆయన పని వంట పర్యవేక్షణ. ప్రతి దినుసునూ కళ్ళతో చూసి, నియమానికి సరిపోతుందో లేదో తేల్చే మనిషి అన్నమాట. మాంసం జోలికి పోకుండా చేపలూ కూరగాయలతోనే యాత్ర నడుపుతామన్నారు. చేపకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి. ఆ సంగతి నాకు సండే స్కూల్ రోజుల నుంచీ తెలుసు. కానీ ఆ నియమంతో బతికే మనిషిని చూడటం అదే మొదలు.

మొదటి రోజే బందరు బజార్లో కొత్త స్టీలు గిన్నెలు కొన్నారు. వాడకముందే నీళ్ళలో ముంచాలన్న నియమం ప్రకారం వాటిని మంగినపూడి బీచికి తీసుకెళ్ళి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్క గిన్నెనూ పూర్తిగా ముంచి, పెదాలు కదుపుతూ ఏదో చెప్పుకుని తీశారు. వల సర్దుకుంటున్నవాళ్ళు పని ఆపి చూశారు. నాకు మొదట కొంచెం నవ్వొచ్చిన మాట నిజం. మూతలు కూడా వదలకుండా ముంచుతుంటే నవ్వు పోయింది. ఎవరూ చూడకపోయినా ఆయన అలాగే చేస్తారని అర్థమైంది.

ఆ సాయంత్రం ఇటినరరీ, అంటే ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలనే పట్టిక, ముందేసుకుని కూర్చున్నాం. శుక్రవారం దగ్గర ఆయన వేలు ఆగింది.

"శుక్రవారం సూర్యుడు కుంకేలోపు అందరం హోటల్లో ఉండాలి. ఆ తరవాత శనివారం చుక్కలు కనిపించేదాకా మా విశ్రాంతి దినం, ప్రయాణం లేదు, నిప్పు వెలిగించడం లేదు, వంట లేదు. అందుకని శుక్రవారం ఒంటిపూటే పెట్టుకుంటాం" అన్నారు.

నేను ఘంటసాలతో ఆపలేకపోయాను. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోటు చూడకుండా దివిసీమ దాకా వచ్చినవాళ్ళు వెనక్కి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. "హంసలదీవి కూడా చూపిస్తానండీ. నాలుగింటికల్లా బందరులో ఉంటాం. నాదీ పూచీ" అన్నాను. మా వృత్తిలో బఫర్ అని ఒకటుంటుంది. దారిలో ఏదైనా జరిగితే సర్దుకోవడానికి వదిలే ఖాళీ సమయం. ఆ రోజు బఫర్‌ను నేనే మింగేశాను. ఆయన పట్టికను ఇంకోసారి చూసి, సరేనన్నారు.

శుక్రవారం సంగమం దగ్గర అందరూ సంతోషంగా ఉన్నారు. వాళ్ళలో పెద్దావిడ రేచల్ గారు, ఎనభై దాటినావిడ, చెప్పులు చేత్తో పట్టుకుని నదికీ సముద్రానికీ మధ్య ఇసుకలో చాలాసేపు నిలబడ్డారు. ఆవిణ్ణి తొందరపెట్టడానికి నాకు మనసొప్పలేదు. బయల్దేరేసరికి రెండు దాటింది.

కోడూరు ఇంకా కొన్ని మైళ్ళుందనగా బస్సు ఆగింది. ముందు కాలువ మీద కల్వర్టు ఒక పక్క కుంగి, రొయ్యల మేత లారీ వెనక చక్రం అందులో దిగబడిపోయింది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు గట్టు. మా మినీ బస్సు తప్పుకుని వెళ్ళే దారే లేదు. డ్రైవర్ బాబూరావు దిగి చూసొచ్చాడు.

"మేడం గారూ, ఇది ఇప్పట్లో లేవదండీ. అవనిగడ్డ నుంచి క్రేను రావాలంట. రేపు పొద్దున్నే అంటున్నారు."

ఫోన్లు చేశాను. లారీ అవతలికి నడిచి వెళ్తే, అవనిగడ్డ నుంచి ఇంకో బండి వచ్చి ఎక్కించుకుంటుంది. డేవిడ్ గారి దగ్గరకు వెళ్ళి అదే చెప్పాను.

"సూర్యాస్తమయానికి ఎంత ముందు చేరతాం?" అని అడిగారు.

"అంతా సవ్యంగా జరిగితే ఓ పదిహేను నిమిషాలండీ."

"అంతా సవ్యంగా జరిగితే మనం ఇప్పుడు ఇక్కడ ఉండేవాళ్ళం కాదు కదా" అన్నారు. మాటలో ఎత్తిపొడుపు లేదు. "ఇక్కడే ఉందాం. దగ్గరలో పైకప్పున్న చోటు ఏదైనా ఉందా?"

"తప్పు నాదండీ. మీరు ఒంటిపూటే అన్నారు" అన్నాను.

"మీరు చూపించాలనుకున్నారు. నేను చూడాలనుకున్నాను. తప్పు పంచుకుందాం. ముందు చోటు చూడండి."

రోడ్డు పక్కనే మత్స్యకారుల పల్లె. ఇంచుమించు యాభై ఇళ్ళు, వాటి మధ్య రెండంతస్తుల తుఫాను షెల్టరు. దాని తాళం వార్డు మెంబరు నాంచారమ్మ గారి దగ్గర ఉందన్నారు. ఆవిడ చేపల వ్యాపారం చేస్తుంది. అరవై దాటిన మనిషి, గట్టి గొంతు. గుమ్మంలో నిలబడి నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగింది.

"ఆడోళ్ళు, పెద్దోళ్ళు ఉన్నారా?"

"ఉన్నారండీ."

"అయితే అడగటం ఎందుకమ్మా, తీసుకురా" అని తాళం తీసుకుని ముందు నడిచింది. అరగంటలో షెల్టరు పై అంతస్తు ఊడ్చి, చాపలు పరిచి, బాత్రూము తొట్టి నింపించారు.

బస్సు వెనక సీట్లో డేవిడ్ గారి పెట్టె ఒకటి ఉండేది. ఆ సీటు అనవసరంగా పోతోందని మొదటి రోజు నుంచీ లోపల విసుక్కుంటున్నాను. ఇప్పుడు తెరిచారు. రెండు గిన్నెలు, కత్తి, నూనె సీసా, తెల్ల గుడ్డ, పొంగని రొట్టెల ప్యాకెట్లు. పెరూలో ఒక శుక్రవారం కొండచరియ విరిగిపడి రైలు ఆగిపోయిందట. ఇన్కాల కట్టడాలు చూసి కుస్కో పట్టణానికి తిరిగి వస్తున్నారు. శనివారమంతా ఒక చిన్న స్టేషన్లో అరటిపళ్ళతో గడిపారట. అప్పటి నుంచీ ఈ పెట్టె లేకుండా ఆయన బండి ఎక్కరు.

"అన్నం, ఒక కూర ఉంటే చాలు. కానీ పొయ్యి, వేళ..." అని టైము చూసుకున్నారు. మూడున్నర.

ఈలోగా నాంచారమ్మ గారు పెద్ద తట్టతో వచ్చింది. పైన పీతలు, పక్కన రొయ్యలు, మధ్యలో శుభ్రంగా తోమి ముక్కలు కోసిన పండుగొప్ప చేప. ఊరికి వచ్చినవాళ్ళకు ఉన్నదాంట్లో మంచివి ఏరి తెచ్చింది. డేవిడ్ గారు తట్ట చూసి, నా వైపు చూశారు. నేను చెప్పక తప్పలేదు.

"పీతలూ రొయ్యలూ వీళ్ళు ముట్టరండీ."

"పోనీ చేప ఉందిగా. బంగారం లాంటి పండుగొప్ప."

"చేప తింటారండీ. కానీ పొలుసు ఈయన కళ్ళతో చూడాలంట. ఇది తోమేశారు కదా."

ఆవిడ ముఖం మాడింది. "అంటే నేను పొలుసులేని జెల్లను కోసి పండుగొప్పంటానా?"

డేవిడ్ గారు ఆవిడ ఏమన్నారో చెప్పమన్నారు. చెప్పాను. ఆయన ఆవిడ ముందు నేల మీద కూర్చున్నారు.

"మిమ్మల్ని నమ్మకపోవడం కాదని చెప్పండి. మా అమ్మ కోసిచ్చినా నేను ఇలాగే అడుగుతాను. నా పని చూడటం. చూడకుండా సరేనంటే, నన్ను నమ్మి తినే ఈ పన్నెండు మందినీ మోసం చేసినట్టు."

నేను తెలుగులో చెప్పింది ఆవిడ తల వంచుకుని వింది. తరవాత కొంగు బిగించింది.

"ఆయనమ్మకే తప్పనప్పుడు నాకెందుకు తప్పుద్ది. మేం మాత్రం గంగమ్మకి పెట్టే రోజున ఎవరు పడితే వాళ్ళు వండింది తింటామా? ఉండమను." వాకిట్లోంచే కేకేసింది. "ఒరే, పడవలో పండుగొప్ప తియ్యండి. తోమొద్దు. పొలుసుతో తెండి."

ఐదు నిమిషాల్లో రెండు చేపలొచ్చాయి. డేవిడ్ గారు వేలితో ఒక పొలుసు తీసి వెలుతురులో పెట్టి చూశారు. తల ఊపారు. నాంచారమ్మ గారు కూడా ఒక పొలుసు తీసి అలాగే చూసింది. నలభై ఏళ్ళుగా తోముతున్నా ఎప్పుడూ అలా చూడలేదంది.

ఆ గంటన్నర నేను మరిచిపోలేను. ఆయన తెల్ల గుడ్డ మీద బియ్యం పోసి పురుగు లేకుండా గింజ గింజా చూస్తుంటే, ఇద్దరాడవాళ్ళు నవ్వి, "ఇది మేం చేసేదేగా" అంటూ పక్కన కూర్చుని ఏరారు. ఆయన కత్తితో ఆయనే చేపలు కోశారు. చింతపండు, ఎండుమిర్చి, పసుపుకొమ్ము, అన్నీ విడి దినుసులే తీసుకున్నారు. దంచిన కారం వద్దన్నారు. ఎంత వేయాలో నాంచారమ్మ గారు చెబుతుంటే ఆయన వేశారు. పొయ్యి అప్పటికే ఆవిడ రాజేసింది. గిన్నె పెట్టేముందు ఆయన ఒక పుల్ల తీసి మంటలో వేశారు.

"అదెందుకు?" అంది ఆవిడ.

"వంటలో మా చెయ్యి కూడా ఉండాలి. ఈ పుల్ల అందుకు" అన్నారు.

"అయితే ఈ పులుసు మనిద్దరిదీ" అంది. ఆ మాట ఆయనకు చెబితే చాలా సంతోషించారు.

ఐదూ పావుకి గిన్నెలు దించారు. రేచల్ గారు చేతిసంచిలోంచి రెండు కొవ్వొత్తులు తీశారు. సముద్రపు గాలికి నిలబడవని ఎవరో రెండు గాజు సీసాలు తెచ్చి ఇచ్చారు. ఆవిడ వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. కిటికీ అవతల సూర్యుడు ఇంకా పూర్తిగా దిగలేదు. నాంచారమ్మ గారు గుమ్మం బయట చెప్పులు విడిచి, కొంగు తల మీదకు లాక్కుని నిలబడింది. ఎవరూ చెప్పలేదు.

వాళ్ళు భోంచేస్తుంటే మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. లోపల్నుంచి పాట వినిపిస్తోంది.

"మీ మనసు కష్టపెట్టామేమోనండీ" అన్నాను.

"లేదమ్మా. డెబ్బయ్యేడులో ఉప్పెనొచ్చినప్పుడు నేను చిన్నదాన్ని. ఎక్కడెక్కడి నుంచో వచ్చి వండి పెట్టారు. వాళ్ళు పెట్టబట్టే బతికాం, ఆ మాట కాదనను. కానీ గిన్నెలో పోసిందే తినేవాళ్ళం. మీకేం కావాలి, ఏం పడదు అని ఒక్కళ్ళడగలా. అడిగే తీరిక అప్పుడెవరికుంది? ఇయ్యాల నేను ఇంకోళ్ళకి అడిగి పెట్టా. బాగుందమ్మా అట్టా పెట్టడం."



మర్నాడు క్రేను వచ్చి లారీని తీసేసింది. దారి ఖాళీ. మా బస్సు మాత్రం సాయంత్రం దాకా కదల్లేదు. ఆ పల్లె మీదుగా నేను ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, ఒక్కసారీ దిగలేదు. ఆ శనివారం చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. యాత్రికులు ఇళ్ళ మధ్య మెల్లగా తిరిగారు. వల అల్లుతున్న చోట కూర్చున్నారు. రేచల్ గారికీ నాంచారమ్మ గారికీ ఒక్క మాట కలవదు. అయినా గంటసేపు ఒకే అరుగు మీద ఉన్నారు. ఆకాశంలో మూడు చుక్కలు కనిపించాక బయల్దేరాం. డేవిడ్ గారు నాంచారమ్మ గారికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. ఆవిడ "మళ్ళీ వచ్చేముందు కబురు చెయ్యమను, తోమకుండా ఉంచుతా" అంది.

కంపెనీ నుంచి ఫిర్యాదు వస్తుందని ఎదురుచూశాను. ఫీడ్‌బ్యాక్ వచ్చింది, అంటే యాత్రికులు రాసిచ్చే అభిప్రాయాలు. ఎక్కువమంది తమకు నచ్చిన రోజుగా ఆ శనివారమే రాశారు. మరుసటి ఏడు ఇటినరరీలో ఆ పల్లెలో బసను డేవిడ్ గారు తానే రాసి పంపారు. ఆసారి శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకే అక్కడికి చేరాం.

ఈ వృత్తిలో నాకు ఎక్కువ నేర్పిన మనుషులు వాళ్ళిద్దరూ. నియమం పాటించేవాళ్ళు ఎదుటివాళ్ళను దూరం పెడతారని అనుకునేదాన్ని. ఆయన తన నియమాన్ని ఒక్క పొలుసంత కూడా సడలించలేదు. అందుకోసం ఎవరినీ చిన్నబుచ్చనూ లేదు. ఆవిడ తన పెట్టే గుణాన్ని వదులుకోలేదు, కానీ ఎలా పెట్టాలో అరగంటలో నేర్చుకుంది. నేను అప్పటిదాకా వచ్చినవాళ్ళను "ఏం చూస్తారు?" అనే అడిగేదాన్ని.

ఈమధ్య రాజస్థాన్ నుంచి ఒక జైనుల బృందం తరఫున ఒకావిడ ఫోన్ చేసింది. చాలా మొహమాటంగా, భోజనం విషయంలో తమతో కొంచెం ఇబ్బందేనని మొదలుపెట్టింది. నేను పెన్ను తీసుకుని, "ముందు మీరు ఏమేం చెయ్యరో చెప్పండి, రాసుకుంటాను" అన్నాను. ఆవిడ మొహమాటం వదిలి అరగంట మాట్లాడింది.