సగ్డెన్ గారి పక్కన నడిచిన మనిషి

క్లిఫర్డ్ సగ్డెన్ గారు పోయాక మా ఊరి పేపరు ఆయన గురించి నాలుగు లైన్లు వేసింది. వయసు నలభై ఎనిమిది, పెళ్ళి కాలేదు, ఊరు బ్రాడ్‌ఫర్డ్, ఒంటరి మనిషి. చదివితే నాకు ఒళ్ళు మండింది. అన్నేళ్ళు బతికిన మనిషికి నాలుగు లైన్లా? పైగా ఆ చివరి ముక్క నేనొప్పుకోను. ఆయన మా మోర్కమ్‌కి ఒంటరిగా రావడం నిజం. ఒంటరిగా తిరగడం మాత్రం అబద్ధం. అది తెలిసినదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే, నెల్లీ హార్‌గ్రీవ్స్‌ని.

సముద్రం ఒడ్డు రోడ్డు మీద ఫోటోల కొట్లో నా పని. మా కొట్టు ఫోటోగ్రాఫరు వాల్ట్ కెమెరా మెళ్ళో వేసుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడతాడు. నడిచొచ్చేవాళ్ళని అడక్కుండానే ఫోటో తీసి, చేతిలో నంబరు చీటీ పెడతాడు. మూడింటికల్లా వాడు ఫోటోలు కడిగి ఇస్తే, పూర్తిగా తడి ఆరకముందే నేను బోర్డుకి గుచ్చుతాను. చీటీ చూపించినవాళ్ళకి వాళ్ళ ఫోటో ఇస్తాను. ఆగస్టులో బ్రాడ్‌ఫర్డ్ మిల్లులన్నీ మూసే వారం వచ్చిందంటే మాకు ఊపిరి సలపదు. ఊరికి ఊరే రైలెక్కి వచ్చి మా మీద పడుతుంది.

అందరూ వారమంతా ఉంటారు. సగ్డెన్ గారు మాత్రం ఆ వారంలో ఒక్కరోజు వచ్చి వెళ్ళిపోయేవారు. పదింటి బండి దిగడం, ఒక్కరే కదా అని హోటలు పిల్ల తలుపు పక్కన గాలికొట్టే బల్ల చూపిస్తే మారుమాట్లాడకుండా అక్కడే కూర్చుని రొట్టె, వెన్నలో వేసిన రొయ్యలు తినడం, పదకొండింటికి వాల్ట్ ముందు నుంచి నడవడం, ఆ పైన ఒక కుర్చీ అద్దెకి తీసుకుని సముద్రంకేసి చూస్తూ మూడింటిదాకా కూర్చోవడం, ఇంతే. ఆ ఎండలో కూడా కోటు విప్పేవారు కాదు. మిల్లులో నేసిన బట్టని వెలుగుకి పట్టి తప్పులు వెతకడం ఆయన పని. ఫోటోని కూడా అలాగే పట్టుకుని చూసేవారు. చూసి, "బాగా వచ్చిందండీ" అని జేబులో పెట్టుకుని ఆరింటి బండికి పోయేవారు. తొమ్మిదేళ్ళలో మా ఇద్దరి మధ్యా ఎండా వానా తప్ప వేరే మాట లేదు.

ఆవిణ్ణి నేను మొదట గమనించింది నాలుగో ఏడు. ఆయన ఫోటో బోర్డుకి గుచ్చుతుంటే వెనకాల ఒక ఆడమనిషి కనిపించింది. లేతరంగు కోటు, చెవుల మీదికి దిగిన టోపీ. ఆ టోపీలు మా అమ్మ పెట్టుకునేది. ఆ మోజు పోయి ఇరవై ఏళ్ళయింది. జనంలో అందరూ కెమెరాకేసో, పిల్లలకేసో, ఐస్‌క్రీముకేసో చూస్తుంటే ఆవిడ ఒక్కతే ఆయన వీపుకేసి చూస్తోంది. ఎక్కడో చూసిన మనిషే అనిపించి, వెనకటి ఫోటోల నెగిటివ్‌లు తీశాను. మొదటి ఏడు ఆవిడ దూరంగా, ఇనప కమ్మీల దగ్గరుంది. రెండో ఏడు కమ్మీలు దాటింది. మూడో ఏడు ఇంకొంచెం ఇటు. ఏటా ఆయనకి దగ్గరవుతోంది.

వాల్ట్‌కి చూపించాను. "జనమే అది నెల్లీ. ఎవరో ఒకరు పడతారు" అన్నాడు.

"ప్రతి ఏడూ అదే టోపీయా?"

"బ్రాడ్‌ఫర్డ్ వైపు పిసినారి మనిషి కదే. తల అరిగినా టోపీ మార్చరు వాళ్ళు."

"మరి నువ్వు తీసినప్పుడు కనపడిందా?"

వాడు సిగరెట్టు వెలిగించుకుని బయటికి పోయాడు.

ఆ తర్వాత నేను ప్రతి ఆగస్టూ ఎదురుచూశాను, భయపడుతూనే. ఎనిమిదో ఏటికి ఆవిడ ఆయన భుజం పక్కకి వచ్చేసింది. పోయిన ఏడు, తొమ్మిదోసారి, ఆయన ఫోటో నా చేతికొచ్చింది, నాలుగు వందల పన్నెండో నంబరు. ఆవిడ చెయ్యి ఆయన మోచేతిలో ఉంది. రోడ్డంతా ఎండకి పొడిగా తెల్లగా ఉంది, ఆవిడ కాళ్ళ కింద మాత్రం నల్లగా తడి. ఆయన తిన్నగా ముందుకి చూస్తూ నడుస్తున్నారు, పక్కన ఎవరూ లేనట్టే. ఆవిడ మొహం ఈసారి సముద్రం వైపు తిరిగి ఉంది.

ఈయన్ని తీసుకుపోవడానికే వచ్చింది అనుకున్నాను. నాకు అంతకన్నా ఏమీ తోచలేదు. ఫోటో ఏప్రాన్ జేబులోకి తోసేశాను.

మూడింటికి సగ్డెన్ గారు వచ్చి చీటీ ఇచ్చారు. "పాడైపోయిందండీ. రీలుకి వెలుతురు తగిలింది" అన్నాను. మాకు అలవాటైన అబద్ధమే. నెలకి నాలుగుసార్లు ఆడతాం. జనం గొణుక్కుని పోతారు. ఈయన పోలేదు. బోర్డు మీది ఫోటోలన్నీ ఒకటొకటిగా చూశారు, మళ్ళీ మొదటి నుంచి చూశారు. వెనకాల వరస పెరుగుతోంది.

"అమ్మా, మీరు కడిగేటప్పుడు చూసి ఉంటారు కదా" అన్నారు, గొంతు బాగా తగ్గించి. "నా పక్కన ఎవరైనా ఉన్నారా అందులో?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మ్యూరియెల్ అని," అన్నారు. "ఇరవై ఒక్కేళ్ళయింది. ఈ రోడ్డు మీదే నడుస్తున్నాం, తను నా చేతిలో చెయ్యి వేసుకుంది. ఎదురుగా మా మిల్లు మేస్త్రీ, వాళ్ళావిడా వస్తున్నారు. నాకు సిగ్గేసింది. చెయ్యి లాగేసుకున్నాను."

మా వైపు ఆ రోడ్డు మీద చేతిలో చెయ్యి వేసుకుని నడిచారంటే పెళ్ళి చాటించినట్టే లెక్క. అది నలుగురి ముందు లాగేసుకుంటే ఆ పిల్లకి ఎంత తలవంపులో నాకు వేరే చెప్పక్కర్లేదు.

"కోపమొచ్చి మెట్లు దిగి ఇసకలోకి వెళ్ళిపోయింది. తనే వస్తుందిలే అని నేను టీ తాగడానికి పోయాను. టీ, అమ్మా. ఈలోగా సముద్రం పోటెత్తి ఇసకంతా నీళ్ళొచ్చేశాయి. తను తిరిగి రాలేదు." బోర్డుకేసి ఇంకోసారి చూశారు. "మీ ఫోటోల్లో చాలా దగ్గరికొచ్చింది పోయిన ఏడు. చెయ్యి వేస్తుందా లేదా, అదొక్కటే చూద్దామని వస్తున్నాను."

"ఏమిటయ్యా, కథలు చెప్పుకుంటున్నారా అక్కడ? మాకూ రైళ్ళున్నాయి" అని వరసలోంచి ఒకావిడ అరిచింది. ఆయన సిగ్గుపడిపోయి, టోపీ ఎత్తి, క్షమించమని ఆవిడతో కూడా చెప్పి వెళ్ళిపోయారు. ఫోటో నా జేబులోనే ఉంది. అప్పుడైనా తీసి ఇవ్వొచ్చు. అంతమంది ముందు అబద్ధాలకోరునవుతానని ఊరుకున్నాను. ఆయన చెయ్యి లాగేసుకున్నదీ ఇలాంటి సిగ్గుతోనే కదా అని తర్వాత తట్టింది, తట్టి ఏం లాభం.

రెండు గంటలు చీటీలు అందుకున్నానే గాని మనసు మనసులో లేదు. ఆయన మొహమే కళ్ళ ముందు. ఒక్క మాట కోసం తొమ్మిదేళ్ళు తిరిగిన మనిషికి ఆ మాట నేను మింగేశాను. ఇక లాభం లేదని కొట్టు వాల్ట్‌కి వదిలేసి స్టేషనుకి పరిగెత్తాను. బండి నిండా ఎండకి ఎర్రబడిన మొహాలు, పాటలు, పిల్లల ఏడుపులు. చివరి పెట్టెలో కిటికీ పక్కన ఆయన. మిగతా బెంచీలో జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు కూర్చున్నారు, ఆయన పక్కన మాత్రం ఒక మనిషి పట్టే చోటు ఖాళీ. అక్కడ ఎందుకు కూర్చోలేదో వాళ్ళనడిగితే వాళ్ళకీ తెలియదనుకుంటాను.

"అబద్ధం చెప్పానండీ. భయపడ్డాను" అని ఫోటో చేతిలో పెట్టాను.

వెలుగుకి పట్టి చూశారు, బట్టలో తప్పు వెతికినట్టే, ఒక మూల నుంచి ఇంకో మూలకి. ఎంతసేపు చూశారో. ఆ మనిషి మొహం అంత తేటపడగా నేనెప్పుడూ చూడలేదు.

"వేసింది" అన్నారు. అంతే. ఫోటో లోపలి జేబులో పెట్టుకుని బండి దిగిపోయారు.

"గార్డు ఈల వేసేశాడండీ, బండి పోతుంది" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. ఎడమ మోచెయ్యి కొంచెం పక్కకి చాపి నిలబడ్డారు, ఎవరికో అందిస్తున్నట్టు. నేను అటు చూడలేకపోయాను.

"అమ్మా, ఈ సాయంత్రం నీళ్ళెప్పుడొస్తాయి?" అని అడిగారు.

మా ఊళ్ళో ఆ మాట రోజుకి వందమంది అడుగుతారు. పిల్లల్ని ఇసకలోకి దింపొచ్చా, గుర్రాలెక్కొచ్చా అని. అడగడం ఆలస్యం, ఆలోచించకుండానే చెప్పేస్తాం. చెప్పకపోతే మర్యాద కాదు. నా బుద్ధి అప్పటికి ఇంకా రైలు దగ్గరే ఉంది, నాలుక మాత్రం దాని పని అది చేసింది.

"ఆరున్నరకండీ. మెట్ల దగ్గరికి ఏడింటికి" అన్నాను.

"చాలా సంతోషం," అన్నారు. ఆ ఖాళీ చోటుకేసి తలవంచి ఏదో మెల్లగా చెప్పి, సముద్రం దారి పట్టారు.