ఏడు వేపచెట్ల కింద కలుపు తీసిన శనివారాలు

మొన్న మా వ్యాసర్పాడి సందులోకి మొక్కల బండి వచ్చింది. రంగురంగుల బిళ్ళగన్నేరు తొట్లు చూసి ముచ్చటపడి ఒకటి చేతిలోకి తీసుకోగానే, అది సుడుకాట్టు మల్లి కదా, శ్మశానం పువ్వు, ఇంటి ముందర ఎవరైనా పెట్టుకుంటారా అని పక్కింటామె తమిళంలో కసురుకుంది. తొట్టి కింద పెట్టేశాను. ఆ పువ్వును శ్మశానంలోనే నా చేతులతో నాటి ఏళ్ళ తరబడి నీళ్ళు పోసినదాన్నని ఆమెకు ఏమని చెప్పను? నా వయసు వాళ్ళయితే అర్థం చేసుకుంటారని ఇది మీకు చెబుతున్నాను.

మా పెద్దపాప నాలుగేళ్ళ వయసులో కామెర్లు వచ్చి పోయింది. అప్పుడు నేను రెండో కాన్పుకు ఆస్పత్రిలో ఉన్నాను; పచ్చి బాలింతకు చెప్పొద్దన్నారట పెద్దలు. ఆరో రోజున చంటిబిడ్డనెత్తుకుని ఇంటికి వచ్చి పాప ఏదని అడిగితే, రైల్వే యార్డులో బరువులు మోసి బండబారిన చేతులతో మా ఆయన ముఖం కప్పుకున్నాడు. జ్వరంలో పక్కన లేను, ప్రాణం పోయేటప్పుడు లేను, మట్టి వేసేటప్పుడూ లేను. ఎక్కడ పెట్టారని పట్టుబట్టి అడిగితే, సమాధుల తోటలో తూర్పు గోడ పక్కన వేపచెట్టు కింద అన్నాడు. అంతకుమించి చెప్పలేదు, నాతో రానూ లేదు.

ఒళ్ళు కాస్త కుదుటపడగానే ఒక్కదాన్నే పోయి చూద్దును గదా, ఆ గోడ పొడుగునా ఏడు వేపచెట్లు. నడుమెత్తు ముళ్ళకంప, దాని మధ్యన పేరు లేని మట్టిదిబ్బలు, వానలకు ఒరిగిపోయిన చెక్క శిలువలు. ఏ చెట్టు కింద మోకరించాలో తెలియక ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగి తిరిగి, ఎక్కడా మోకరించకుండానే ఇంటికి వచ్చేశాను.

మా చర్చి ఆడవాళ్ళు కొందరు ప్రతి శనివారం పొద్దున ఆ సమాధుల తోటకు పోయి కలుపు తీసి, మొక్కలకు నీళ్ళు పోసి వచ్చేవారు. జీతం లేని పని, ఇష్టమున్నవాళ్ళు రావచ్చునన్నారు. వెంటనే చెయ్యెత్తాను. అందరూ నాది భక్తి అనుకున్నారు గానీ నేను పోయింది వెతకడానికి. కలుపు పీకే నెపంతో ఒక్కో చెట్టు కింద మట్టిని వేళ్ళతో తడిమేదాన్ని, చెక్క ముక్క దొరికితే అక్షరాలేమైనా ఉన్నాయేమోనని కొంగుతో తుడిచి చూసేదాన్ని. ఒకసారి చిన్న గాజు ముక్క దొరికింది. మా పాప చేతికి ఆ రోజుల్లో ఏ రంగు గాజులుండేవో ఎంతకీ గుర్తు రాక, దాన్ని పట్టుకుని పిచ్చిదానిలా ఏడ్చాను. చివరికి ఏడు చెట్ల కిందా పాదులు చేసి బిళ్ళగన్నేరు నాటాను, ఒక వారం నీళ్ళు తప్పినా బతుకుతుందని.

అలా నాలుగేళ్ళు గడిచాక, ఒక శనివారం పోయేసరికి మూడో చెట్టు కింద నా మొక్కలు పీకి పక్కన పడేసి ఉన్నాయి. గుంటలు తవ్వే తాత గడ్డపార వేస్తున్నాడు. రాయి కట్టించని చోటును కొన్నేళ్ళకు మళ్ళీ తవ్వుతారన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అరుచుకుంటూ పోయి ఆ మోకాటి లోతు గుంటలో దిగి కూర్చున్నాను.

"నీ బిడ్డ ఈడేనని ఎవురు చెప్పినారుమా నీకు?" అన్నాడు తాత.

"ఎవురూ చెప్పలా. కాదనీ ఎవురూ చెప్పలా."

"లేమ్మా, వాళ్ళు గేటుకాడికి వచ్చేసినారు, పాపం."

లేవనన్నాను. అంతలో వాళ్ళు కనిపించారు. పెట్టెను నలుగురు మోయడం లేదు, ఒక్క మనిషి రెండు చేతుల మీద ఎత్తుకుని వస్తున్నాడు, అంత చిన్నది. వెనకాల ఒక పడుచుపిల్లను ఇద్దరు పట్టుకుని నడిపిస్తున్నారు. చూస్తూ కూర్చోలేకపోయాను. తాత చెయ్యందిస్తే పైకి వచ్చి, వాళ్ళు మట్టి కప్పి వెళ్ళాక, వాడిపోతున్న నా మొక్కల్ని మళ్ళీ అక్కడే నాటాను.

ఆ పిల్ల మరుసటి వారం వచ్చింది, ఆ తర్వాత వారం వారం వచ్చింది. ఒకనాడు ఆమెతో నా సంగతంతా చెప్పాను. ఆ పిల్ల కొంచెం పక్కకు జరిగి, "ఈడ కూచో అక్కా, నీ చోటు కూడా కదా" అంది.

ఆ సాయంత్రం మా ఆయన్ను నిలదీశాను. మూడో చెట్టేనా, వచ్చి చూసి చెప్పు, ఇక నావల్ల కాదన్నాను. శనివారం వచ్చాడు గానీ గేటు దాటి అడుగు వేయలేదు.

"నాకు తెలవదే. ఆ దినం నేను ఈడే నిలబడిపోయినా. పాపను మా నాయన ఎత్తుకోని పోయినాడు. యాపచెట్టని ఆయన చెప్పిందే నీకు చెప్పినా."

అప్పటికి మా మామ పోయి రెండేళ్ళయింది. అడగడానికి ఇక ఎవరూ లేరు. నాలుగేళ్ళు మట్టి తవ్వించావే అని అతని చొక్కా పట్టుకుని ఊపేశాను. అతను కదల్లేదు, వదిలించుకోనూ లేదు. చివరికి నేనే అలసిపోయి, నీళ్ళ బిందె అతని చేతికిచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాను. ఒక్క చెట్టునూ వదలకుండా ఏడింటికీ నీళ్ళు పోశాడు. బతికున్నన్నాళ్ళూ శనివారం మానలేదు.

ఇప్పుడు ఆయనా లేడు. ఆ పిల్ల కుటుంబం వేరే ఊరికి వెళ్ళిపోయింది. కలుపు తీసే ఆడవాళ్ళ అవసరమూ తీరిపోయింది. నెలకోసారి ఎవరో వచ్చి మిషనుతో గడ్డి కోసేసి పోతారు. సమాధులకు నంబర్లు వేశారు. వచ్చినవాళ్ళు సెల్‌ఫోనులో ఫోటో చూసుకుని నేరుగా తమవాళ్ళ దగ్గరికి పోయి, పూలు పెట్టి, పది నిమిషాల్లో వెళ్ళిపోతారు. వాళ్ళను చూస్తే సంతోషంగానే ఉంటుంది, కాస్త కడుపు మండుతుంది కూడా. తుపానుకు నాలుగు వేపచెట్లు కూలిపోతే మొదళ్ళు పెకలించి, గోడ వెంబడి సిమెంటు పరిచేశారు. ఏది మూడో చెట్టో, ఏది ఐదోదో ఇక నాకూ తెలియదు. సుమారుగా ఒకచోట చూసుకుని ఆ సిమెంటు మీదే మోకరిస్తాను.