యాదమ్మత్త దించిన విమానం

మొన్న నకిరేకల్ దాటగానే బస్సు కిటికీలోంచి పత్తిమందు వాసన గుప్పుమంది. పక్కనున్న మా చిన్నాయన వెంటనే అందుకున్నాడు. "యాదమ్మ విమానం జూసి జడుసుకోని జెండ వట్టుకోని ఉరికిందిగద" అని నవ్వాడు. బస్సంతా వినేటట్టే చెప్పాను: ఉరకలేదు, నడిచింది. ఆ తేడా తెలియనివాళ్ళు ఆమె పేరెత్తకూడదు.

ఎనభయ్యవ దశకంలో, నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నప్పుడు, మా ఊరి పత్తికి తెల్లదోమ పట్టింది. మందు చల్లడానికి విమానం తెప్పించారు. ముక్కున ఒకే ఇంజను, నెత్తిన వెడల్పాటి రెక్కలు, తోక కింద చిన్న చక్రం. పాతకాలపుది. చదును చేసిన మెట్టచెలకలోనే దిగేది, అక్కడినుంచే లేచేది. నడిపేది సైన్యంలో చేసివచ్చిన పెద్దమనిషి, కెప్టెన్ సాబ్ అనేవాళ్ళం. ఇదే రకం విమానంలో కొండల మీది సిపాయిలకు బియ్యం, ఉత్తరాలు పైనుంచి జారవిడిచానని, గాయపడ్డవాళ్ళను దించుకొచ్చానని చెప్పేవారు. నోరు తెరుచుకుని వినేవాళ్ళం.

విమానం ఏ వరుస మీదుగా పోవాలో తెలియడానికి చేను రెండు కొసల్లోనూ మనుషులు తెల్లజెండాలు పట్టుకుని నిలబడాలి. అది నెత్తిమీదుగా మందు చల్లుకుంటూ పోయాక, పక్కకు జరిగి మళ్ళీ నిలబడాలి. ఆ పని ఆడకూలీలకు ఇచ్చారు. మా వాడకట్టు యాదమ్మత్త వాళ్ళకు పెద్ద. సెలవులకు వచ్చిన నేనూ ఒక జెండా పట్టాను.

మొదటిరోజే కళ్ళు మండాయి. మర్నాడు మాతో ఉన్న సైదమ్మ గట్టుమీద కూలబడి వాంతి చేసుకుంది. "పని గిట్లనే ఉంటది, మూతికి కొంగు గట్టుకోండ్రి" అన్నాడు మందు పని చూసే సూపర్‌వైజర్. యాదమ్మత్త జెండా భుజానేసుకుని నా వైపు తిరిగింది.

"నడువు పిల్లా. సదువుకున్నవు గద, నోరు ఎంట దెచ్చుకున్నవా?"

మిగతావాళ్ళూ జెండాలు దించి మా వెనకే నడిచారు. కింద జెండాలు కనిపించక విమానం రెండు చుట్లు తిరిగి, మందు చల్లకుండానే దిగింది. అప్పటికి మేమూ ఆ చెలక దగ్గరికి చేరాం.

"క్యా హువా? భయమైందా అమ్మా?" అన్నారు కెప్టెన్ సాబ్.

"భయమెందుకు సాబ్, మా బర్రె కంటె నయమే మీ ఇమానం, తన్నదు. సైదమ్మ కక్కుకోని పడ్డది. జెండ కట్టెకు గడితె మీకు అవుపడదా?"

"కట్టె జరగదు గద."

"సాలుసాలుకో కట్టె పాతుతం. పాతి దూరం వోయి కూసుంటం. మా కూలి మాకియ్యుండ్రి."

సూపర్‌వైజర్ అడ్డొచ్చాడు. "అన్ని కట్టెలు యాడికెల్లి దేవాలె? మీతోని గాకపోతె ఇంకో ఊరోళ్ళను పిలుస్త."

"పిలువు. ఆళ్ళొచ్చే తొవ్వల నేనే కూసుంట."

అప్పుడు నాకు నోరొచ్చింది. "సాబ్, కొండల మీద బియ్యం మూటలు ఏసేటప్పుడు కింద సిపాయిని నిలవెట్టేటోళ్ళా?"

ఆయన చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నారు. "లేదు బేటీ. నేలమీద బట్ట పరిచేటోళ్ళు. మనుషులను దూరం జరిపేటోళ్ళం." తర్వాత సూపర్‌వైజర్‌తో అన్నారు: "కట్టెలు పాతేదాక నేను విమానం లేప."

కట్టెలు పాతారు. మరుసటి ఏడు వేరే పైలట్ వచ్చాడు. పక్క ఊళ్ళో మళ్ళీ మనుషులే నిలబడ్డారు. యాదమ్మత్తను ఆ పనికి మళ్ళీ పిలవలేదు, పిరికిదన్న పేరు మాత్రం పెట్టారు. నాకు మండిపోయేది. "నవ్వనియ్యి బిడ్డా, నవ్వెటోళ్ళకు ఊపిరి మంచిగనె ఆడుతున్నదన్నట్టే" అనేది.

ఆమె ఇప్పుడు లేదు. "పని ఇట్లాగే ఉంటుంది" అన్న ప్రతి అధికారితోనూ నేను తగువు పెట్టుకుంటూనే ఉన్నాను. నాకు పొగరన్నారు, అననీ. అది యాదమ్మత్త ఇచ్చిందే. కానీ ఒక్క ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. పైనుంచి కనిపించాలనే కదా మమ్మల్ని ఆ చేలో నిలబెట్టారు? కనిపిస్తున్న మనిషి మీద మందు పోయవచ్చునని మొదట అనుకున్నది ఎవరు?