కొందరు తల్లిదండ్రులు

పదకొండేళ్ళుగా ఒక వాక్యం నా గుండెల మీద బండలా కూర్చుని ఉంది. నేనే రాసిన వాక్యం. దాని వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఆయన పని తెలిసినవాడని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడానికి కాస్త ధైర్యం వస్తోంది.

కెనడాలో, ఒంటారియోలోని ఒక చిన్న ఊరి కాలేజీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మార్కమ్‌లో ఉంటున్నాం. ఆ కాలేజీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు కుమ్ముకునే ఆట. మా జట్టు ఎప్పుడూ ఓడిపోయేది. దాన్ని బాగుచెయ్యమని కొత్త కోచ్‌ని తెచ్చారు. ఆయన పేరున్న కుర్రాళ్ళ వెంట పడలేదు. స్కార్‌బరో అపార్టుమెంట్లకీ, సార్నియా వైపు ఊళ్ళకీ తనే కారు నడుపుకుంటూ వెళ్ళి, వంటింట్లో తల్లులతో కూర్చుని మాట్లాడి, ఎవరూ పట్టించుకోని పిల్లల్ని ఏరి తెచ్చుకునేవాడు.

మావాణ్ణి మాత్రం ఎవరూ పిలవలేదు. మా కాలేజీలోనే చదువుతూ, తనంతట తనే వెళ్ళి ఎంపికల్లో నిలబడి చోటు సంపాదించుకున్నాడు. ప్రొఫెసర్ కొడుకునని అక్కడ ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పకపోతే తెలిసే అవకాశమూ లేదు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, నా పేరు చివర పడ్డాయి. దాంతో ఇక్కడికొచ్చాక నా పేరే లాస్ట్ నేమ్ అయి కూర్చుంది. ఆ తిప్పలు వాడికి వద్దని, వాడికి ఇంటిపేరునే లాస్ట్ నేమ్‌గా రాయించాను. కాగితాల మీద చూస్తే నేనెవరో, వాడెవరో.

వాడి రెండో ఏడాదిలో ఒక ఆటకి మూడు తెలుగు కుటుంబాలని వెంటబెట్టుకు వెళ్ళాను. మా ఆవిడ పులిహోర కలిపి తెచ్చింది. మావాడు ఆడతాడని వారం రోజులుగా అందరికీ చెప్పుకున్నాను. ఆట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా వాడు గీత బయటే నిలబడ్డాడు. మిగతావాళ్ళంతా బురదలో పొర్లుతుంటే వాడి చొక్కా మల్లెపువ్వులా మెరుస్తోంది. "ఏంటి సార్, మీవాడి డ్రెస్ అసలు మాయనే లేదు! ఆంటీకి ఉతికే పని తప్పింది," అన్నాడొకాయన, పులిహోర నోట్లో పెట్టుకుంటూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట పులిహోర తింటున్నవాడి మీదకి పోలేదు, కోచ్ మీదకి పోయింది. ఎందుకలా? ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

మూడో ఏడాది చివర కోచ్ పని ఎలా ఉందో చూసి చెప్పమని కాలేజీ ఒక కమిటీ వేసింది. సభ్యుల పేర్లు బయటికి రాకూడదన్నారు. అందులో నన్ను వేశారు. ముందుగా ఒక ఫారం ఇచ్చారు. కోచ్‌తో గాని, ఆటగాళ్ళతో గాని మీకు ఏదైనా సంబంధం ఉందా? "లేదు" అన్నచోట టిక్కు పెట్టాను. ఒక్క క్షణం కూడా తడబడలేదు. మొదటి తప్పు అది. కాదు, మొదటి తప్పు నవ్వడం.

కోచ్ మా ఎదుట కూర్చుని ఒక కాగితం ఇచ్చాడు. మూడేళ్ళలో ఎవరెవరిని తెచ్చాడు, ఎవరెవరు నిలబడ్డారు, ఎవరు ఏ పరీక్ష పాసయ్యారు, అన్నీ పేరుపేరునా ఉన్నాయి. మొదటి ఏడాది తెచ్చినవాళ్ళలో ఒక్కడు కూడా వదిలి వెళ్ళలేదు. ఎదుటివాళ్ళని ఒంటితో అడ్డుకునే ముందు వరుసలో నిలబడేవాడి ఒళ్ళు గట్టిపడటానికి నాలుగేళ్ళు పడుతుందన్నాడు. ఇంకొక్క ఏడాది చూడమన్నాడు. బతిమాలలేదు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, మొదటి సెమిస్టరు మార్కులు చూసి పిల్లల్ని తీసెయ్యొద్దని మా డిపార్టుమెంటులో ఏటేటా పోట్లాడినవాణ్ణి, ఆ కాగితం విలువ నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

రిపోర్టు రాసే పని నా మీద పెట్టారు. ఆ కాగితాన్ని చివర అనుబంధంలో పడేశాను. అనుబంధాలు ఎవరూ చదవరు. ముందు పేజీలో ఓటముల లెక్క పెట్టాను. దాని కింద, "ఇతని ఎంపికల మీద కొందరు తల్లిదండ్రులకు నమ్మకం పోయింది" అని రాశాను. ఎవరా కొందరని కమిటీలో ఒక్కరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణి? కొందరెవరూ లేరు. నేనొక్కణ్ణే.

రెండు వారాలకి మావాడు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"కోచ్‌ని తీసేశారు, డాడ్."

"అయ్యో! ఎందుకట?" ఆ అయ్యో నా నోటినుంచే వచ్చింది.

"సమ్ పేరెంట్స్ కంప్లైన్ చేశారట. హూ డస్ దట్?" వాడు కంచం పక్కకి నెట్టేశాడు. "నెక్స్ట్ ఇయర్‌కి యూ విల్ బీ రెడీ అన్నాడు నాతో. హీ ప్రామిస్డ్."

"లోకంలో అన్ని రకాలవాళ్ళూ ఉంటారు నాన్నా. ముందు తిను."

"వాళ్ళ కడుపు కాల! ఆ మనిషి ఉసురు తగలకపోతుందా?" అంది మా ఆవిడ, నాకు పెరుగు వడ్డిస్తూ. నేను కలుపుకుని తిన్నాను.

మరుసటి ఏడాది అవే పిల్లలు, అదే ముందు వరుస, వరసపెట్టి గెలిచారు. మావాడు ప్రతి ఆటా ఆడాడు. పొగడ్తలన్నీ కొత్త కోచ్‌కి దక్కాయి. పాతాయనకి మళ్ళీ కాలేజీ ఉద్యోగం రాలేదు. ఆల్బర్టాలో ఏదో హైస్కూల్లో ఆట నేర్పుతున్నాడని మావాడే చెప్పాడు. ఆ ఏడాదంతా ఏ ముఖం పెట్టుకుని చప్పట్లు కొట్టానో నాకే తెలియదు.

పోయిన వేసవిలో మావాడి పెళ్ళి. వాడు పిలిస్తే ఆయన ఆల్బర్టా నుంచి వచ్చాడు. వాడు కొనిచ్చిన కుర్తా వేసుకుని, చేతిలో అక్షింతలతో నిలబడ్డాడు. మావాడు ఆయన్ని లాక్కొచ్చి, "కోచ్, మీట్ మై డాడ్," అన్నాడు. ఆయన చెయ్యి చాపాడు. నా మొహం చూశాడు. మావాడి వైపు చూశాడు. మళ్ళీ నా వైపు. నవ్వు ఆగిపోయింది. చెయ్యి మాత్రం వదల్లేదు. తర్వాత మావాడి వైపు తిరిగి, కాలేజీలో మేము ఒకసారి కలిశామని మాత్రం చెప్పాడు. వెళ్ళి పిల్లలిద్దరి మీదా అక్షింతలు వేశాడు.

ఆయన వాడికి ఏమీ చెప్పలేదు. ఇప్పటికీ ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారు, ఒక్కమాట కూడా జారలేదు. వాడి తండ్రి వాడి ముందు చులకన కాకూడదని ఆయన నోరు మూసుకున్నాడు. నేను ముంచినవాడే నా పరువు కాస్తున్నాడు. ఇంతకంటే సిగ్గు ఉంటుందా?

క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు. ఆదివారం వాడు భోజనానికి వస్తున్నాడు. చెప్పగలనో లేదో, ఒట్టు పెట్టను. మీకైతే చెప్పేశాను. చాలా రోజుల తర్వాత, ఈ పూట అన్నం సయిస్తుందనిపిస్తోంది.