హాజరులో మూడో పేరు

రెండో లాక్‌డౌన్ నాటికి జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో నా ఉద్యోగం చచ్చిపోయినవాళ్ళ పేర్లు టైపు చెయ్యడం. నవ్వకండి, నిజమే. చదివేది కంప్యూటర్స్ అయినా, యూనివర్సిటీలో చరిత్ర చెప్పే ఒక మేడమ్ దగ్గర పని దొరికింది. నాలుగైదు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండ్ సైన్యాల హాజరు పట్టీలను డేటాబేస్‌లోకి ఎక్కించాలి. పేరు, ఊరు, ఆయుధం. అంతే.

ఆ ఆయుధం గడి చూస్తుంటే వింతగా ఉండేది. పాత పట్టీల్లో వరసగా విల్లు, విల్లు, విల్లు. అవే ఊళ్ళ తర్వాతి పట్టీల్లో విల్లు మాయమై పొడవాటి ఈటెలు, తుపాకులు. మంచి విలుకాడు కావాలంటే చిన్నప్పటి నుంచీ సాధన ఉండాలి, తుపాకీ కాల్చడం ఎవరికైనా కొన్ని వారాల్లో నేర్పవచ్చు అని మేడమ్ వీడియో కాల్‌లో చెప్పారు. దాంతో ఫలానా మనిషే కావాలన్న పట్టింపు తగ్గి, ఎన్ని తలలున్నాయన్నదే ముఖ్యమైందట. తలల లెక్క వచ్చాక దొంగలెక్కా వచ్చింది. చచ్చినవాళ్ళ పేర్లు, పారిపోయినవాళ్ళ పేర్లు పట్టీలో అలాగే ఉంచి కొందరు కెప్టెన్లు ఆ జీతాలు మింగేవారట. తనిఖీ రోజున ఎక్కడి నుంచో మనుషుల్ని అరువు తెచ్చి, ఆ పేర్లకు పలికించేవారట.

"వీళ్ళ దుంప తెగ!" అని పగలబడి నవ్వాను. మేడమ్ నవ్వలేదు. పక్కన మనిషున్నాడని నమ్మి యుద్ధానికి వెళ్ళినవాడి సంగతి ఆలోచించు, అన్నారు. నేను ఆలోచించలేదు. ఆ రోజు టైపు చెయ్యాల్సిన పేజీలు ఇంకా చాలా ఉన్నాయి.

మా ఫ్లాట్‌లో ఉండేది ఇద్దరం, నేనూ గుంటూరు నుంచి వచ్చిన నా రూమ్మేటూ. కానీ పోస్టు డబ్బా మీద మూడు పేర్లుండేవి. మూడోది కరీంనగర్ నుంచి వచ్చిన జూనియర్‌ది. తను నిజానికి ఉండేది ఇంకో ఊళ్ళో, లైప్‌జిగ్‌లో, గోడౌన్ పనికి దగ్గరగా ఒక చిన్న గదిలో. ఆ ఇంటివాడు ఆన్‌మెల్డుంగ్‌కు, అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నామని ఆఫీసులో చేయించే నమోదుకు, సంతకం పెట్టనన్నాడు. ఇల్లు నమోదు కాకపోతే వీసా పొడిగింపు లేదు. "అక్కా, నీకాడ పేరు రాయించుకుంట, గంతే. నీ ఇంట్ల అడుగు గూడ పెట్ట" అని బతిమాలింది. అందరూ చేసేదేగా, పోనీలే పాపం అని, ఈమె మాతోనే ఉంటోందని సంతకం పెట్టేశాను.

అడుగు పెట్టనన్న మనిషి ఒక ఆదివారం భోజనానికి వచ్చింది. ఉబ్బసం ఉంది కాబట్టి కిటికీ పక్కనే కూర్చుని తిని వెళ్ళిపోయింది. మంగళవారం నా రూమ్మేటుకు జ్వరం, టెస్టు పాజిటివ్.

మర్నాడు హెల్త్ ఆఫీసు నుంచి ఫోన్. ఈ చిరునామాలో ముగ్గురున్నారు, ముగ్గురూ బయటికి రాకూడదు, మా మనిషి రోజూ వచ్చి పెరట్లో నుంచి పేర్లు పిలుస్తాడు, కిటికీలోకి రావాలి అన్నారు. దొంగ సంతకం నాది. దాని వీసా పోతుందో, నాది పోతుందో, ఇద్దరినీ కలిపి విమానం ఎక్కిస్తారో!

లైప్‌జిగ్ నుంచి రమ్మంటే రైల్లో రావాలి, దారిలో ఎవరైనా పట్టుకుంటే ఇంకా ప్రమాదం. చివరికి పై అంతస్తులో ఉండే విజయవాడ అమ్మాయిని పిలిచాను. కోవిడ్ ఉన్న ఇంట్లోకి రమ్మని సిగ్గులేకుండా అడిగాను.

"మాస్కు పెట్టుకుంటే అందరం ఒకటేగా అక్కా. కానీ ఇదే చివరిసారి, చెప్తున్నా" అంది ఆ పిల్ల. చివరిసారి అంటూనే నాలుగు రోజులు వచ్చింది. కింద ఆయన కాగితం చూసి, మా పేర్లు పలకలేక తంటాలు పడేవాడు. మేం చెయ్యి ఎత్తేవాళ్ళం. మూడో పేరుకు విజయవాడ చెయ్యి లేచేది. ఆయన టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

అయిదో రోజు మధ్యాహ్నం లైప్‌జిగ్ నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, రెండు దినాల సంది జ్వరం. ఇప్పుడు ఊపిరి ఆడుతలేదే."

"డాక్టర్‌కి చెప్పావా?"

"ఎట్ల చెప్తనక్కా? కాయితంల నేను నీ ఇంట్లనే ఉన్న గదా. అంబులెన్స్ పిలిస్తే అడ్రస్ అడుగుతరు. నీకు ఇబ్బంది అయితది."

మాటకూ మాటకూ మధ్య పిల్లికూతలు వినిపిస్తున్నాయి. నేనేం చెప్పానో తెలుసా? "వేణ్ణీళ్ళు తాగు, ఆవిరి పట్టు, నేను కనుక్కుని చేస్తాను" అన్నాను. కనుక్కున్నది డాక్టర్‌ని కాదు. దొంగ ఆన్‌మెల్డుంగ్‌కు ఏం శిక్ష వేస్తారో ఫోన్‌లో వెతుకుతూ కూర్చున్నాను. ఒక పేజీ, ఇంకో పేజీ. నలభై నిమిషాలు.

తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. అంబులెన్స్ నంబరు నూట పన్నెండుకు కొట్టాను. లైప్‌జిగ్ అనగానే అక్కడివాళ్ళకు కలిపారు. వీధి, పేరు, వయసు, ఉబ్బసం అన్నీ వచ్చీరాని జర్మన్‌లో అరిచాను. పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరన్నాను.

తలుపు పగలగొట్టి తీసుకెళ్ళారట. ఆ సాయంత్రం నేనే హెల్త్ ఆఫీసుకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. జరిమానా పడింది, చీవాట్లు పడ్డాయి, వీసాలు మాత్రం నిలిచాయి. తను పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడింది.

ఇప్పటికీ ఏ పార్టీలో కలిసినా నా భుజం పట్టుకుని అందరికీ చెప్తుంది. "గీ అక్క ఎంటనే ఫోన్ జేసింది, గందుకే బతికిన. నేనిట్ల ఫోన్ పెట్టేసి పడిపోయిన్నో లేదో, అంబులెన్స్ పంపింది." తను స్పృహ తప్పింది కదా, మధ్యలో ఎంతసేపు గడిచిందో తనకు తెలియదు. వెంటనే కాదే తల్లీ, అని ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. "ఊరుకోవే" అని మాత్రం అంటాను. ఇది అచ్చయితే ముందు తనకే పంపాలి.