మా చెల్లెలి మెడలో దండ

మొన్న పొద్దున బండి దగ్గర తోటకూర బేరమాడుతుంటే, మా వీధి చివరింటి టైలరుగారి భార్య వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మీ చెల్లెలుగారు పోయారటగా అండి, ఒక్క మాటైనా చెప్పలేదేంటండీ!" అంది. ముందురోజు సాయంత్రమే ఆ చెల్లెలు రేపల్లె నుంచి ఫోను చేసి, తన మోకాళ్ళ గురించి, కోడలి వంట గురించి నా చెవి కాలేదాకా చెప్పి పెట్టేసింది. నేను కొయ్యబారిపోయి నిలబడ్డ ఆ కాస్త సందులోనే బండి అతను మొదట చెప్పిన ధరకే కట్టలు నా సంచిలో పడేశాడు. నేను అంతా ఇచ్చేశాను. అలాంటిది నా జీవితంలో ఇంతకు ముందు ఒక్కసారి కూడా జరగలేదు.

"మీకెవరు చెప్పారండీ?" అంటే, "ఒకరు చెప్పేదేంటండి, పాత బజార్లో ఇంత ఫ్లెక్సీ కట్టి దండేస్తే! కళ్ళారా చూసొచ్చాను," అంది. అప్పుడు అర్థమైంది నాకు. పోయింది మా చెల్లెలు కాదు, ఆయన.

ఆయన ఎవరో మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు. సినిమాల జోలికి పోకుండా, మెళ్ళో గిటారు వేసుకుని, తన పాటలు తనే కట్టుకుని క్యాసెట్ల మీద క్యాసెట్లు తెచ్చిన ఆ పాప్ గాయకుడు పోయాడని టీవీలో చెప్పిన దగ్గర్నుంచి తెనాలి తెనాలిలా లేదు. ఆటోల్లో ఆయన పాటే, టిఫిన్ సెంటర్లో ఆయన పాటే. ఆ రోజుల్లో ఆ కేకలేంటని మా రేడియో కట్టించిన మందుల షాపాయన ఇప్పుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఆ గాయకుడు తాగి వదిలేసిన సోడా సీసా తమ ఇంట్లో ఉండేదని ఒకాయన అంటాడు. తమ పెళ్ళికి పిలిస్తే వస్తానన్నాడని ఇంకొకాయన అంటాడు. బజార్లో కొట్లన్నీ ఒక పూట షట్టర్లు సగానికి దించాయి. ఊరంతా ఇంత ఏడుస్తుంటే నాకు మాత్రం ఏడుపు రాలేదండీ, కడుపుమంట వచ్చింది. ఎందుకంటే ఆ గొంతు మా ఇంటికి తెచ్చింది నేను. క్యాసెట్టు కొట్టువాడితో ధర దగ్గర మధ్యాహ్నమంతా పోట్లాడి, వాడు దణ్ణం పెట్టి వదిలించుకుంటే తెచ్చాను. మా చెల్లెలు పక్కన కూర్చుని విన్నది, అంతే.

మా నాన్నది గాజుల కొట్టు. ధర నచ్చక కొట్టు దిగి నాలుగడుగులు వేసిన మనిషిని వెనక్కి పిలవడంలో ఆయన్ని మించినవాళ్ళు మా బజార్లో లేరు. పిలుపు మరీ తొందరగా వస్తే మనకే అమ్ముకునే గరజు ఉన్నట్టు, ఆలస్యమైతే ఆ మనిషి పక్క కొట్లో తేలుతుంది. ఆ కొలత చూస్తూ పెరిగినవాళ్ళం కాబట్టి మేం ఎక్కడ ఏం కొనబోయినా దిగి నడవడమే, వాళ్ళు పిలవడమే. చెప్పిన ధర ఇచ్చి కొనుక్కురావడమంటే మా ఇంట్లో దొంగతనం కంటే పెద్ద తప్పు. ఈ చదువు నాకు బాగా ఒంటబట్టింది. మా చెల్లెలికి అస్సలు పట్టలేదు.

నేను కాలేజీలోనూ అది హైస్కూల్లోనూ ఉన్నప్పుడు బాపట్లలో ఆయన ప్రోగ్రాం పెట్టారు. మా బాబాయి మమ్మల్నిద్దర్నీ పాసింజరు ఎక్కించి తీసుకెళ్ళాడు. సముద్రపు గాలికి షామియానాలు ఎగిరెగిరి పడుతుంటే ఆయన నాలుగు పాటలు పాడి కాస్త ఆగాడు. దండ వెయ్యాలనుకునే అభిమానులు స్టేజీ మీదికి రావచ్చని మైకులో చెప్పారు. నేను చెల్లెలి వేలు పట్టుకుని గేటు బయట పూలమ్మే మనిషి దగ్గరికి పరుగెత్తాను. అతనొక ధర చెప్పాడు. నేను సగం చెప్పాను. అతను నవ్వాడు. నేను మా నాన్న కూతుర్ని కాబట్టి మొహం తిప్పుకుని నాలుగడుగులు నడిచాను, పిలుస్తాడులే అని. అతను పిలవలేదు. అంత జనం దండల కోసం ఎగబడుతుంటే నన్ను పిలవాల్సిన అవసరం అతనికేముందన్న సంగతి అంత తెలివైన నాకు తట్టలేదు. ఇంకో మనిషిని వెతుక్కుని, వాదించి, నెగ్గి, దండ చేత్తో పట్టుకుని చూద్దును కదా, వేలు పట్టుకుని ఉండాల్సిన పిల్ల లేదు.

అది ఎప్పుడో వేలు విడిపించుకుని, బాబాయి దగ్గర నోటు తీసుకుని, మొదటి మనిషి ఎంత చెబితే అంతా ఇచ్చేసి, స్టేజీ మీద ఉంది. ఆయన మెళ్ళో దండ వేసింది. ఆయన దాని వైపు వంగి ఏదో అని నవ్వాడు. ప్రోగ్రాంకి పిలిపించిన స్టూడియో ఆయన ఫొటో తీశాడు. నేను మెట్ల దాకా వెళ్ళేసరికి మళ్ళీ పాట మొదలైంది, ఇక ఎవ్వరూ రావద్దన్నారు. నా చేతిలో మిగిలిన దండ మర్నాడు కొట్లో లక్ష్మీదేవి పటానికి వేశాం. "భలే చవగ్గా తెచ్చావే," అని మా నాన్న ఎంత మెచ్చుకున్నాడో!

ఆ ఫొటో చెల్లెలితోపాటు రేపల్లె కాపరానికి వెళ్ళి హాల్లో గోడకెక్కింది. ఇన్నేళ్ళలో దాన్ని చూసినవాళ్ళందరికీ ఆ రోజు నేనూ ఉన్నానని చెబుతూనే ఉన్నాను. అలాగా అండి అని, మళ్ళీ ఫొటోనే చూసేవాళ్ళు. ఇప్పుడాయన పోగానే చెల్లెలి కూతురు ఆ ఫొటోని ఫోన్లో పెట్టింది. అది ఊళ్ళన్నీ తిరిగింది. జనం మా చెల్లెలి ఇంటికి పరామర్శకి వెళ్ళడం మొదలుపెట్టారు. ఎవరో మైకు పట్టుకుని వస్తే టీవీలో కళ్ళొత్తుకుంది, నేను పెట్టిన చీరలోనే. ఇక్కడి కుర్రాళ్ళు మన తెనాలి ఆడపడుచు అంటూ ఆ ఫొటోనే ఫ్లెక్సీ వేయించారు.

తోటకూర సంచితోనే పాత బజారుకి వెళ్ళాను. ఫ్లెక్సీ నిలువెత్తున ఉంది. పైనుంచి వేలాడదీసిన బంతిపూల దండ గాలికి పక్కకి జరిగి, ఆయన్ని వదిలేసి, తిన్నగా మా చెల్లెలి మెళ్ళో కూర్చుంది. పచ్చగా ఉన్న మనిషి బొమ్మకి దండ! గుండె ఝల్లుమంది. ఆ వెనకే, ఇదీ దానికే పడిందా అని ఇంకోటి కూడా అంది. ఫోను చేసి చెబితే అది పకపకా నవ్వి, "పోనీలే అక్కా, పడితే పడింది, ఎవరి పక్కన పడిందో చూశావా!" అంది.

"నోర్ముయ్యవే! తియ్యించేస్తున్నా ఇప్పుడే."

"వేరేవాళ్ళ చేత వద్దక్కా. తీస్తే నువ్వే తియ్యి," అంది, నవ్వాపి.

ఫ్లెక్సీ పక్కనే, మా గాజుల కొట్టు ఉన్న చోట, ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. అందులో స్టూలు అడిగాను. "పడతారు పిన్నిగారూ, నేను తీస్తానుండండి," అని షాపతను బయటికొచ్చాడు. స్టూలు గట్టిగా పట్టుకుంటే చాలన్నాను. ఎక్కి, చెల్లెలి మెళ్ళోంచి దండ తీశాను. తీశాక అది నా రెండు చేతుల్లో బరువుగా ఉండిపోయింది. కింద పడెయ్యలేను, ఇంటికి పట్టుకుపోలేను. ఆయన మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆ వయసే, ఆ నవ్వే. వేసేశాను. సర్ది, జరక్కుండా పైన ముడి కూడా వేశాను. ఫొటో తీసినవాళ్ళెవరూ లేరు. ఇంత చేసినా ఆయన మాత్రం మా చెల్లెలి వైపే చూసి నవ్వుతున్నాడు.

స్టూలు దిగి ఇంటి దారి పట్టాను. మా బజార్లో ఇప్పుడు ప్రతి వస్తువు మీదా ధర చీటీ ఉంటుంది. నచ్చితే ఫోను చూపించి తీసుకుంటారు, నచ్చకపోతే ఊరుకుంటారు. దిగి నడిచేవాళ్ళూ లేరు, వెనక్కి పిలిచేవాళ్ళూ లేరు. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది, నాలుగడుగులు వేసి నా కాళ్ళు వాటంతటవే కాస్త నెమ్మదించాయి, వెనకనుంచి ఎవరైనా పిలుస్తారేమోనని.