రెండు వందల గంటెలు, ఒక్క మణికట్టు

ఇప్పుడు గిరాకీలు ఫోన్లనే ధర చూసుకోని వచ్చి మన ముందర పెడుతున్నరు గానీ, నా పడుచుతనంల మా ఫలక్‌నుమా దిక్కు బేరమంటే ముఖం చూసి ఆడేది. ఆ బజార్ల చెడ్డ బేరం చేసినోళ్లు మస్తు మంది ఉన్నరు. కానీ వద్దన్న ఇద్దరు పెద్దమనుషుల నోరు మూయించి, ముందుగాల్నే అడ్వాన్సు ఇచ్చి, ఆటోల సామాను మూటల మీద కూసోని ఈలేసుకుంట ఇంటికొచ్చిన మొనగాన్ని మాత్రం నేనొక్కన్నే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. స్టీలు సామాన్ల దుకాణంల పుట్టి పెరిగిన (పుట్టింది దవఖానలనే అనుకోండి, పెరిగింది మాత్రం గల్లాపెట్టె పక్కన). గిరాకి మెట్టు ఎక్కంగనే ఎంతకు దిగుతడో చెప్పేటోన్ని. కూసుంటే లేవబుద్ధి, లేస్తే నడవబుద్ధి; ఏదో ఒకటి చేసి బాపు కండ్లల్ల పడాలని కాళ్లు ఊకుంటలేకుండె.

అప్పుడే అమ్మకు కుడిచెయ్యి మణికట్టు నొప్పి మొదలైంది. ఇంట్ల పదకొండు మందిమి. అంత పెద్ద గిన్నెల పప్పు తిప్పుడు, వడ్డించుడు అమ్మదే. డాక్టరు చూసి, చెయ్యి మెలిపెట్టే పని తగ్గించుమన్నడు. "అయితే మీరందరు తినుడు తగ్గించుర్రి" అని అమ్మ నవ్వి మళ్ల గంటె పట్టుకున్నది. ఆ గంటె మా దుకాణందే. నేను చేతుల పట్టుకోని చూసిన. ముందర బరువు, ఎనక పుల్లలెక్క సన్నటి పిడి. నిండంగనే అది ఒకపక్కకు ఒరుగుతది, ఒరగకుండ ఆపుడు మణికట్టు పని. రోజుకు వంద సార్లు ఆపితే నొయ్యకేం జేస్తది? లావుగ, గుండ్రంగ కర్రపిడి పెడితే చెయ్యి మొత్తం పట్టుకుంటది, నొప్పి పోతది. నా బుర్ర మీద నాకే ముద్దొచ్చింది.

బాపుకు చెప్తే, "ముందుగాల మీ అమ్మకు ఒకటి చేయించు. చెయ్యి నిమ్మలమైతే తర్వాత చూద్దాం" అన్నడు. ఒకటా? ఒక్క పీసుకు హోల్‌సేల్ రేటు ఎవడిస్తడు? దుకాణపోళ్ల ఇంట్ల పుట్టినోడు ఒకటి చేయించుడు అవమానం. రెండు వందలు అనుకున్న.

చేతి కొలత కావాలె కదా. గోధుమపిండి గట్టిగ తడిపి, రూళ్లకర్రలెక్క చేసి గల్లా మీద పెట్టిన. వచ్చిన ప్రతి గిరాకితోటి పట్టుకోమని పిసికిచ్చిన. "ఏంది తమ్మీ, సామాన్ల దుకాణమా, రొట్టెల దుకాణమా?" అని ఒకాయన అడిగిండు. రెండు రోజులల్ల నలభై మంది చేతులు తీసుకున్న. మా గల్లీల సామాన్లు కొననీకి వచ్చేది మొగోళ్లే. వాళ్లే ఎత్తి చూస్తరు, వేలితోటి కొట్టి చప్పుడు వింటరు, బేరం చేస్తరు, సంచిల ఏసుకోని పోతరు. ఆ సంచి ఇంటికి పోయినంక ఎవరి చేతికి పోతదో నాకు యాదికే రాలే.

పిండిముద్ద పట్టుకోని ఖరాదు ఉస్తాద్ దగ్గరికి పోయి, అమ్మ నొప్పి ముచ్చట చెప్పిన. కర్రను మిషన్ మీద తిప్పి పిడులు చెక్కుడుల ఆ పెద్దాయన చెయ్యి తిరిగినోడు. ముద్దను అటిటు తిప్పి చూసి, "యే కిస్కా హాత్ హై మియా?" అన్నడు.

"ఈ చెయ్యి మా గిరాకీలది."

"వండేది గిరాకీలా? మీ అమ్మీని ఒకసారి తీస్కరా. ఒకటి చేసి చేతికిస్త, పట్టుకోని చూడనీ."

నేను లోపల నవ్వుకున్న. మొదలు శాంపిల్ అంటడు, తర్వాత మార్పు అంటడు, మార్పుకో రేటు అంటడు. ఈ ఆట నేను గల్లా పక్కన కూసోని పాలు తాగేటప్పుడే చూసిన. "ఉస్తాద్, చేతుల ముచ్చట నాకిడిసిపెట్టు. నువ్వు రేటు చెప్పు" అన్న.

ఆయన గడ్డం గోక్కున్నడు. "సరే బేటా. నాకేం ఫికర్" అన్నడు. ఇంక గంటసేపు పీడించి రేటు తగ్గిచ్చుకున్న.

పిడులొచ్చి, మా దుకాణం గంటెలకు బిగించినంక చూడాలె నా దర్జా. పట్టుకున్న ప్రతి మొగోడు "వాహ్, చేతిల కూసున్నది" అన్నడు. వారంల డెబ్బై పోయినయ్. నేను దుకాణం ముందర నిలబడలేక, కూసోలేక, గంటకోసారి మిగిలినవి లెక్కపెట్టుకుంట, రాత్రి అన్నంకాడ అందరికి లెక్క అప్పజెప్పుకుంట తిరిగిన. అమ్మకు మొదటి రోజే ఒకటి ఇచ్చిన. ఇచ్చి మళ్ల ఉరికిన.

రెండో వారం మెట్ల మీదికి ఆడోళ్లు రావడం మొదలైంది. అప్పటిదాకా వాళ్ల ముఖాలు నేను చూడనే లేదు. మొదటొచ్చిన ఖాలా గంటెను గల్లా మీద పెట్టి, "దీన్ని పట్టుకుంటే బొటనేలు మిగిలిన ఏళ్లను అందుకుంటలేదు. జారకుండ పిసికి పట్టాలె, మోచేయిదాక గుంజుతది" అన్నది.

"మీ ఆయనే బాగుందని కొన్నడు ఖాలా."

"అవ్, ఆయన చేతికి మంచిగనే ఉన్నది. అందుకే నిన్నటి సంది కూర ఆయన్నే తిప్పమన్న. వాపస్ ఇచ్చి రమ్మని నన్నే తోలిండు."

లైన్ల ఉన్నోళ్లందరు నవ్విన్రు. బాపు నవ్వలే. గంటెలు ఒక్కొక్కటి తీసుకోని పైసలు వాపసిచ్చిండు.

మూడో వారం ఒక పగటేళ, దుకాణంల ఉండబుద్ధికాక ఇంటికి పోయిన. అమ్మ పొయ్యికాడ ఉన్నది. నా గంటెను రెండు చేతులతోటి పట్టుకోని పప్పు తిప్పుతున్నది. కుడిచేతికి పాత చీరపేలిక చుట్టి ఉన్నది, మణికట్టు ఉబ్బింది.

"ఎప్పటి సంది అమ్మా?"

"తెచ్చిన రోజు సంది."

"చెప్పొద్దా మరి?"

"ఎట్లుందని అడుగుతవేమో అని చూసిన బిడ్డా. నువ్వు రోజు ఎన్ని అమ్ముడయినయో చెప్పుకుంట పోతివి" అన్నది. కోపం లేదు. గంటె అంచు గిన్నెకు తట్టి పక్కకు పెట్టింది.

తెల్లారి అమ్మను ఆటోల ఉస్తాద్ దగ్గరికి తీస్కపోయిన. ఆయన "ఆయియే బహెన్‌జీ" అని ముక్కాలిపీట ఏసి, పిడిని నాలుగు సార్లు మిషన్ మీద సన్నగ చెక్కి, నాలుగు సార్లు అమ్మ చేతికిచ్చిండు. నాలుగోసారి బొటనేలు ఏళ్లను తాకింది. అమ్మ గాలిల పప్పు తిప్పి చూపించి తల ఊపింది. ఇగ మిగిలినవన్నీ చెక్కనీకి రేటు ఎంతని అడిగిన. చెప్పిండు. జిందగీల మొదటిసారి "సరే" అన్న. ఉస్తాద్ మిషన్ బంద్ చేసి, పానం బాగుందా అన్నట్టు నా ముఖం చూసిండు.

ఆ ఇరవై రెండేళ్ల పిలగాడు ఇప్పుడు నా ముందర నిలబడితే ఒక స్టూల్ ఏసి, జర కూసో బిడ్డా అని చెప్దామనిపిస్తది. కూసోడని కూడ ఎర్క.

ఆఖరి హిసాబు ఇది, అబద్ధం లేకుంట. మొదటి పిడులు రెండు వందలు, ఒకటికి ఇరవై మూడు లెక్కన, నాలుగు వేల ఆరు వందలు. తిరిగొచ్చినవి అరవై నాలుగు (రాని ఆరిండ్లల్ల మొగోళ్లే వండుతున్నరేమో, అడిగే ధైర్యం చేయలే). మళ్ల చెక్కించినవి నూట తొంభై నాలుగు, పదిహేను లెక్కన, రెండు వేల తొమ్మిది వందల పది. ఆటో నూట ఇరవై. అమ్మ చేతికి పట్టీ, పూసుకునే మందు మూడు వందల నలభై. మొత్తం ఏడు వేల తొమ్మిది వందల డెబ్బై. అమ్మ చెయ్యి ఎక్కువగ నొచ్చిన రోజులు ఇరవై ఒకటి. అది ఏక్ దామ్, బేరం లేదు.